తెప్ప మీదనుంచి చూసిన కొండ

నా చిన్నప్పుడు కొండకు రెండు ముఖాలుంటాయని నాకు తెలియదు. సముద్రం వైపు నుంచి ఒకలా, రోడ్డు వైపు నుంచి ఇంకోలా కనిపిస్తుందని ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు. మా జాలరిపేటలో కొండల గురించి మాట్లాడేది వేటకు వెళ్ళేవాళ్ళే. వాళ్ళు చూసేది ఒకే ముఖం. నేను నేర్చుకున్నదీ ఆ ముఖమే.

వేటకు వెళ్ళేవాళ్ళకు కొండలతో పనేమిటంటారా? సముద్రం మీద గుర్తులుండవు. ఎటు చూసినా నీళ్ళే. నిన్న చేప పడిన చోటికి ఈ రోజు మళ్ళీ ఎలా వెళ్ళాలి? అందుకని మా వాళ్ళు తెప్ప మీద నిలబడి ఒడ్డు వైపు చూస్తారు. ఒడ్డున ఒక చెట్టునో గుడినో గుర్తుగా పట్టుకుంటారు, దాని వెనక ఒక కొండను పట్టుకుంటారు. చెట్టు సరిగ్గా కొండ ముందుకు వచ్చి నిలబడేదాకా తెప్పను నడుపుతారు. ఇంకో పక్కన ఇంకో చెట్టూ, ఇంకో కొండా అలాగే కలిస్తే, చోటు అదే. గేలం దించుతారు. రాతా కోతా లేదు, అంతా కంటి లెక్కే.

ఆ లెక్కలో మా తాతయ్యను మించినవాడు పేటలో లేడనేవారు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చి సముద్రం మానేశాడు. సాయంత్రాలు నన్ను ఒడ్డున కూర్చోబెట్టుకుని తడి ఇసుకతో కొండలు కట్టేవాడు. ఇది యారాడ కొండ, ఇదిగో దీని ముక్కు. ఇది కైలాసగిరి. ఇదేమో మూపురం. మూపురం అంటే ఆయనకు ప్రాణం. భీమిలి వెళ్ళే దారిలో, రుషికొండ దాటాక, ఎద్దు మూపురంలా ఉబ్బెత్తుగా లేచే కొండ అది. దాని ముందు ఒడ్డున రెండు తాడిచెట్లు పక్కపక్కనే ఉంటాయి. ఆ జంట చెట్లు మూపురం నడిమధ్యకు వచ్చి నిలబడ్డ చోట కోనాం చేపలు దొరుకుతాయి. అది తాతయ్య కనిపెట్టిన చోటు. ఎవరు అడిగినా "నా కొండ, నా సోటు" అనేవాడు. ఆయన తర్వాత మా నాన్న అక్కడికే వెళ్ళేవాడు.

ఆడపిల్లను తెప్ప ఎక్కించరు మాలో. కానీ ఒక్కసారి, అల లేని రోజు, మా అమ్మకు తెలియకుండా తాతయ్య నన్ను ఎక్కించాడు. నాన్న తెడ్డు వేశాడు. నడి సముద్రం నుంచి మూపురాన్ని నా కళ్ళతో నేను చూశాను. ఆ తర్వాత నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. బళ్ళో కొండల పాఠం వస్తే పంతులమ్మ కంటే ముందు నేను లేచేదాన్ని.

మా పేట పైన, రోడ్డు పక్కన పెంకుటింట్లో ఒక అక్క ఉండేది. వాళ్ళది చేపల కుటుంబం కాదు. వాళ్ళ నాన్న పోర్టులో గుమాస్తా. ఆ అక్క డిగ్రీలో చరిత్ర చదువుతుండేది. నాకు కూడబలుక్కుని చదవడం దాటించింది ఆమే. సాయంత్రం నేను వాళ్ళ అరుగు మీద వాలితే తను చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి నా పుస్తకం అందుకునేది. మా అమ్మ పచ్చి చేపలు పంపిస్తే తీసుకునేవారు కాదు, ఎండు రొయ్యలు మాత్రం కాదనేవారు కాదు.

ఒక మార్చి నెలలో, అప్పుడు నాకు పదకొండేళ్ళు, అక్కకు ఒక చిక్కు వచ్చిపడింది. వాళ్ళ కాలేజీ మేస్టారు, పాతకాలపు కట్టడమేదైనా కళ్ళారా చూసి దాని గురించి రాసుకు రమ్మన్నారట. అందరూ సింహాచలం రాస్తున్నారు. అక్కకేమో వేరే ఆలోచన. భీమిలి దారిలో ఒక కొండ మీద రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయని, మేకలు కాసేవాళ్ళు దాన్ని తొట్లకొండ అంటారని, ఎప్పుడో బౌద్ధ సన్యాసులు అక్కడ ఉండి ఉండవచ్చని మేస్టారు ఒక మాట అన్నారు. అప్పటికింకా అక్కడ తవ్వకాలు జరగలేదు, రోడ్డు లేదు, బోర్డు లేదు. అక్కకు ఆ తొట్లు చూడాలని పట్టుకుంది.

వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆడపిల్ల కొండలు పట్టుకుని తిరిగి ఏం చేస్తుంది, ద్వారకా నగర్‌లో టైపు నేర్చుకుంటే ఏదో ఆఫీసులో కూర్చోవచ్చు కదా అని ఆయన వాదన. చదువు మాన్పించాలని అప్పటికే మనసులో ఉంది, సాకు దొరకలేదంతే. అక్క రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు ఆయన ఒక మెట్టు దిగాడు. దారి తెలిసినవాళ్ళు ఎవరైనా వెంట ఉంటే వెళ్ళు, కానీ చూడాల్సింది చూసి, దీపాలు పెట్టే వేళకు గుమ్మంలో ఉండాలి. దారి తప్పి తిరిగినా, చీకటి పడ్డా, కాలేజీకి అదే ఆఖరి రోజు, మర్నాడే టైపు.

ఆ మాట అంటున్నప్పుడు నేను అరుగు మీదే ఉన్నాను. నోరు ఊరుకోలేదు. తొట్లకొండా? మా మూపురాన్నే కొండకింది పల్లెవాళ్ళు అలా అంటారు కదా, నాకు బాగా తెలుసు, నేను తీసుకెళ్తానన్నాను. ఎన్నిసార్లు వెళ్ళావని ఆయన అడిగాడు. రెండు సార్లు అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. ఒకటి అంటే తక్కువనిపించింది కాబోలు. అక్క ముఖం వెలిగిపోయింది. అది చూశాక వెనక్కి తీసుకోవడానికి నాకు మనసు రాలేదు, ధైర్యమూ లేదు.

ఇంటికి వెళ్ళి చెబితే మా అమ్మ నోరు నొక్కుకుంది. తాతయ్య మాత్రం మూలనున్న కర్రను దగ్గరకు లాక్కున్నాడు. తర్వాత, "నానూ వత్తాన్లే. ఇంట్లో కూకుని ఏటి సేత్తాను?" అన్నాడు. నాకు ఎంత కోపమొచ్చిందో! నేను తీసుకెళ్తానంటే ఈయన వెంటబడటం ఏమిటి? దారంతా ఆయన చెప్పేస్తే ఇక నా గొప్పేముంది?

ఆదివారం పొద్దున్నే చద్దన్నం మూట కట్టుకుని భీమిలి బస్సెక్కాం. అక్క మణికట్టుకు వాళ్ళ నాన్న గడియారం ఉంది. ఆలస్యానికి సాకు దొరక్కుండా ఆయన తన చేతినుంచి తీసి పెట్టాడట. అది వదులుగా జారి మోచేతి దాకా వెళ్తుంటే అక్క మాటిమాటికీ కిందకు లాక్కుంటోంది. తాతయ్య ఉతికిన కమీజు తొడుక్కుని, కర్ర రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

కొండల కింద ఒక చేపల పల్లె దగ్గర దిగాం. బస్సు వెళ్ళిపోయింది. నేను కొండల వైపు తిరిగాను.

మూపురం లేదు.

ఎదురుగా నాలుగైదు గుట్టలు, ఒకదాని భుజం మీద ఇంకొకటి ఆనుకుని ఉన్నాయి. అన్నీ ఎర్రమన్నే, అన్నీ తుప్పలే, అన్నిటి మీదా జీడిమామిడి చెట్లే. తెప్ప మీదనుంచి చూసినప్పుడు అంత ఠీవిగా ఒంటరిగా లేచిన కొండ, కిందకు వచ్చి నిలబడేసరికి మిగతావాటిలో కలిసిపోయింది. దూరంనుంచి గుర్తుపట్టే మనిషిని గుంపులోకి వెళ్ళి వెతికినట్టుంది నా పని. అప్పుడే ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. కాస్త ఎత్తుగా కనబడిన గుట్టను చూపించి, అదే అన్నాను.

మేకల బాట ఒకచోట రెండుగా చీలింది. తాతయ్య అక్కడ ఆగాడు, కుడివైపు బాట మీద కర్రతో రెండు సార్లు తట్టాడు. నేను అప్పటికే ఎడమ బాట పట్టాను. ఆయన కర్ర ఎత్తుకుని నా వెనకే వచ్చాడు.

ఎక్కడానికి గంటన్నర పట్టింది. జీడి పూత వాసన, ఎండ, కాలికింద గులకరాళ్ళు. అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఉత్సాహంగా ఎక్కుతోంది. ఇక్కడ సన్యాసులు వానాకాలం ఉండేవారేమో, సముద్రం మీద వచ్చే వర్తకులు వాళ్ళకు బియ్యం తెచ్చేవారేమో అని ఊహించుకుంటూ నాతో చెబుతోంది. ఆమె అలా మాట్లాడుతున్నకొద్దీ నేను అడుగులు ఇంకా వేగంగా వేశాను. ప్రతి మలుపు దగ్గరా ఇంకొంచెం పైకి, ఇంకొంచెం పైకి అంటున్నాను.

పైకి చేరాం. అక్కడ ఏమీ లేదు. పెద్ద బండ, దాని పక్కన మేకల పెంటికలు, ఎవరో కాల్చి వదిలేసిన బొగ్గులు. అక్క ఆ కొస నుంచి ఈ కొసకు నడిచింది. వంగి రాళ్ళ మధ్య చూసింది. తొట్లేవి అని అడిగింది. మామూలుగానే అడిగింది, కోపంగా కాదు.

పోయినసారి ఇక్కడే ఉన్నాయన్నాను. మట్టికి పూడిపోయి ఉంటాయన్నాను. మేకల కాపర్లు రాళ్ళు కప్పేసి ఉంటారన్నాను. ఒక అబద్ధం కింద ఇంకొకటి పుట్టుకొస్తుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. అక్క గడియారం చూసుకుంది. పదకొండు దాటింది. కిందకు దిగి ఇంకో గుట్ట ఎక్కి వెతకాలంటే ఏ గుట్ట ఎక్కాలి? అన్నీ ఎక్కే టైము లేదు. ఆమె బండ మీద కూర్చుని, కొత్త నోటు పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, అట్ట మీద దుమ్ము తుడిచింది. టైపు మిషను ముందు కూర్చున్న అక్క నా కళ్ళకు కనిపించింది. దానికి కారణం నేను. నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననుకున్నాను.

అప్పుడు తాతయ్య వచ్చి అక్కకు కొంచెం దూరంలో నేల మీద చతికిలబడ్డాడు. కర్ర పక్కన పెట్టాడు.

"అమ్మా, ఓ మాట సెప్తాను, నవ్వకు. నాకూ తెలీదు ఆ కొండేదో. దాన్ని సూసీసే నలబయ్యేళ్ళు బతికేను గానీ ఒక్కపాలి కూడా కాలెట్టనేదు. ఊరందరికీ నా కొండ నా కొండ అని సెప్పుకున్నాను. ఈ గుంటది ఆ మాట నమ్మీసింది. తప్పు దానిది కాదు, నాది."

అక్క తలెత్తి ఆయనవైపు చూసింది. నేనూ చూశాను. పేటలో పడవలు నడిపే పెద్ద పెద్ద సరంగులు కూడా లేచి నిలబడే మనిషి, ఒక కాలేజీ పిల్ల ముందు నేల మీద కూర్చుని నాకు తెలీదంటున్నాడు. అంత తేలిగ్గా ఆ మాట అనొచ్చని నాకప్పటిదాకా తెలియదు. ఆయన అనేసరికి నేనూ ఆగలేకపోయాను. బోరుమని ఏడ్చాను. నేనెప్పుడూ రాలేదక్కా, ఒక్కసారి కూడా రాలేదు, సముద్రం మీదనుంచి ఒక్కసారి చూశానంతే అని వెక్కిళ్ళ మధ్య అన్నీ చెప్పేశాను.

అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పైట చెంగుతో నా ముక్కు తుడిచి, సర్లే ఇప్పుడేం చేద్దాం అని తాతయ్యను అడిగింది. తాతయ్య నవ్వాడు.

"ఒలే అమ్మీ, ఇంక కొండని ఒగ్గీ. కొండ మనకి తెలీదు. మనకి తెలిసింది సంద్రం. అటు తిరుగు. మీ నాన్న ఏడీ?"

తిరిగాను. పొద్దుటినుంచి సముద్రానికి వీపు పెట్టే నడిచాను కదా, ఇప్పుడు చూస్తే ఎంత పెద్దగా ఉందో. గాలి లేదు. నీళ్ళు కదలకుండా మెరుస్తున్నాయి. చాలా దూరంగా తెప్పలు, గుప్పెడు ఆవాలు చల్లినట్టు. అన్నీ నల్లగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఒకదాని మీద తెల్లటి చుక్క.

అది మా నాన్నదే. మా అమ్మ పది రోజుల కిందట కొత్త తెరచాప కుట్టింది. కొత్త గుడ్డను చెట్టు బెరడు మరగబెట్టిన నీళ్ళలో నానేస్తే ఎర్రబడి ఉప్పునీటికి ఆగుతుంది. నాన్న ఆ పని రేపు మాపు అంటూ బద్ధకించాడు. తాతయ్య రోజూ తిడుతూనే ఉన్నాడు. పేటలో అన్ని తెరచాపలూ ఎరుపు, మాది ఒక్కటే తెలుపు. గాలి లేనప్పుడు దాన్ని సగం ఎత్తి నీడకు కట్టుకుని, దాని కింద కూర్చుని గేలం వేస్తాడు నాన్న.

"తాతా, అదిగో, మన తెరసాప! సగం ఎత్తేడు."

"ఎదవ నానెయ్యకపోడమే మంచిదయ్యింది. మరి జంట సెట్లు ఏయీ?"

కింద ఒడ్డున వెతికాను. రోడ్డు అవతల, ఇసుక మీద, రెండు తాడిచెట్లు పక్కపక్కనే. పొద్దున బస్సు దిగి వాటి పక్కనుంచే నడిచి వచ్చాం, నేను గుర్తే పట్టలేదు.

అప్పుడు తాతయ్య చెప్పింది నాకు మాటమాటా గుర్తుంది. మీ నాన్న ఉన్న చోటునుంచి చూస్తే చెట్లూ మూపురమూ ఒక గీతలో ఉంటాయి. అలాంటప్పుడు మూపురం మీద నిలబడి చూస్తే చెట్లూ మీ నాన్నా ఒక గీతలో ఉండాలి. దారం ఆ కొసనుంచి పట్టుకున్నా, ఈ కొసనుంచి పట్టుకున్నా దారం ఒకటే కదా. ఇప్పుడు చెప్పు, తెప్ప చెట్లకు ఏ పక్కనుంది?

కుడి పక్కనుందన్నాను.

"అయితే మనం ఎడం పక్కకి ఎల్లాల. మనం ఎడానికి నడిసేకొద్దీ సెట్లు కుడికి జరుగుతాయి. దగ్గరిది జరుగుతాది, దూరంది నిలబడతాది. సెట్లెల్లి మీ నాన్న మీద కూకునేదాకా నడువు. బేగి నడవాల. పైరగాలి ఒచ్చిందంటే మీ నాన్న సాపెత్తీసి ఇంటికెలిపోతాడు."

అక్క ఒక్క ఉదుటున లేచింది. ఆమెకు ఆ లెక్క నాకంటే ముందే అర్థమైంది. గడియారం పదకొండున్నర చూపిస్తోంది. మధ్యాహ్నం తిరగ్గానే సముద్రం మీదనుంచి గాలి లేస్తుంది. అది లేచిందంటే తెప్పలన్నీ చాపలెత్తి ఒడ్డుకు పరుగెడతాయి. అప్పుడిక గీతా లేదు, కొండా లేదు.

కొండ వెన్ను మీదుగా ఎడమకు నడిచాం. నడిచాం అనకూడదు, పరుగెత్తాం. తాతయ్య ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకున్నాడు. ఆయన మసక కళ్ళకు సముద్రం ఒక తెల్లటి వెలుగు మాత్రమే, అందుకని ప్రతి నాలుగడుగులకూ "ఏటగుపడతంది?" అని అడుగుతున్నాడు. నేను చెబుతున్నాను. తెప్ప ఇంకా కుడి పక్కే తాతా. దగ్గరకొచ్చింది తాతా. రెండు బెత్తెలుంది తాతా. మధ్యలో ఒక పల్లంలోకి దిగాల్సి వచ్చింది. అక్కడ సముద్రం కనబడటం మానేసింది. ముళ్ళ తుప్పలు అక్క చీరను రెండు చోట్ల చించాయి. పల్లంలో ఉన్నంతసేపూ, పైకెక్కి చూస్తే ఆ తెల్లచుక్క ఉంటుందో ఉండదోనని తాతయ్యను లాక్కుంటూనే నడిచాను.

పైకెక్కి చూశాను. ఉంది. చెట్లకు కుడివైపున, చెయ్యి చాచి చూస్తే వేలెడు దూరంలో. ఇంకో ఇరవై అడుగులు వేశాం. అరవేలు. ఇంకో పది అడుగులు. కుడి చెట్టు మొవ్వ ఆ తెల్లటి చుక్కను అంచునుంచి కొరికింది. ఇంకో నాలుగు అడుగులు వేసేసరికి రెండు చెట్ల మధ్య సందులో మా నాన్న తెరచాప నిలబడింది.

"కూకుంది తాతా!" అని అరిచాను.

తాతయ్య ఆగిపోయాడు. నా భుజం వదిలేసి, కర్రతో చుట్టూ నేలను తట్టుకుంటూ కొంచెం ముందుకు వెళ్ళాడు. ఒకచోట కర్ర నేలకు తగలకుండా లోపలికి దిగిపోయింది. గడ్డిని పక్కకు నెట్టి చూస్తే బండలోకి నిలువుగా తొలిచిన అంచు. లోతు మనిషి పొడుగు కంటే ఎక్కువ, అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. అడుగున పచ్చటి నీళ్ళు. దాని పక్కన ఇంకోటి. ఇంకొంచెం అవతల, మట్టిలో సగం పూడిన ఇటుకలు, మోచేతి దాకా పొడవున్నవి.

అక్క కేకలు వేయలేదు, గంతులు వేయలేదు. మోకాళ్ళ మీద కూర్చుని తొట్టి అంచు మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత జానలతో కొలవడం మొదలుపెట్టింది. నేను లెక్క చెబుతుంటే పుస్తకంలో రాసుకుంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారి పేజీ మీద పడుతుంటే చేత్తో తుడుచుకుంటూ రాసింది. నేనూ ఏడ్చాను. ఈ సారి ఏడుపు హాయిగా ఉంది.

అప్పుడే గాలి లేచింది. ముందు చెమట పట్టిన మెడ మీద చల్లగా తగిలింది, తర్వాత గడ్డంతా ఒక పక్కకు వాలింది. సముద్రం మీద ఒక్కొక్క తెప్పకూ ఎర్ర చాప లేచింది. మా తెల్ల చాప కూడా నిండుగా లేచి, చెట్ల సందులోంచి మెల్లగా జారి దక్షిణానికి వెళ్ళిపోయింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఆ గీత మాకు దొరికేది కాదు.

చద్దన్నం ఆ తొట్ల పక్కనే తిన్నాం. తాతయ్య సముద్రం వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. ఇక్కడ్నుంచి మేమెలా ఉంటామే అని నన్ను అడిగాడు. ఆవగింజల్లా ఉంటారన్నాను. "ఓలమ్మ! అంతేనేటి?" అని పడీపడీ నవ్వాడు. నలభై ఏళ్ళు అక్కడనుంచి ఇటు చూశాడు కదా, ఇక్కడనుంచి అటు చూడటం ఆయనకు అదే మొదలు. నాకు తెలిసినంతలో.

దిగి వచ్చి బస్సుకోసం నిలబడితే అది రాదే! గడియారం నాలుగున్నర దాటింది, అక్క ముఖం మళ్ళీ వాడింది. చివరికి వచ్చింది, చేపల గంపలతో, ఆడవాళ్ళతో కిక్కిరిసి. గంపలవాళ్ళు తాతయ్యను గుర్తుపట్టి మమ్మల్ని లోపలికి లాక్కున్నారు. పేట దగ్గర దిగి రోడ్డెక్కేసరికి పెంకుటింటి ముందు అక్క వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు, ఖాళీ మణికట్టును రెండో చేత్తో రుద్దుకుంటూ. వీధిలో ఇంకా ఎవరూ దీపం పెట్టలేదు.

దొరికిందా అని అడిగాడు. నేను తాతయ్య చెయ్యి గిల్లాను, దారి తప్పిన సంగతి చెప్పవద్దని. ఆయన నా చెయ్యి మెత్తగా పట్టుకునే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "తప్పు కొండెక్కేం బాబూ. తెలీదని ఒప్పేసుకున్నాం. ఆనక దొరికింది." దారి తప్పితే కాలేజీ లేదన్న మాట నాకు గుర్తుంది. అక్క వాళ్ళ నాన్న ఒక అడుగు ముందుకు వేశాడు. అక్క చేతిలోని పుస్తకం తీసుకుని, ఆ కొలతలూ, బొమ్మలూ, నీటి మరకలూ పేజీ తర్వాత పేజీ తిప్పి చూశాడు. చివరికి గడియారం అడిగి తీసుకుని చేతికి పెట్టుకుంటూ, చీర చిరిగింది, ముందు వెళ్ళి మార్చుకో, రేపు కాలేజీకి ఇదే కట్టుకెళ్తావేమిటి అన్నాడు. రేపు కాలేజీకి! అక్క ఆ మాట పట్టుకుని లోపలికి పరుగెత్తింది. నేను అరుగు మీద కూలబడిపోయాను.

అక్క చదువు పూర్తి చేసింది, చాలా ఏళ్ళు పాఠాలు చెప్పింది. ఆ కొండ మీద తర్వాత తవ్వకాలు జరిగాయి, రోడ్డు వేశారు, ఇప్పుడు కార్లు పైదాకా వెళ్తాయి. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో నేను పెళ్ళి చేసుకుని కూర్మన్నపాలెం క్వార్టర్స్‌కు వచ్చాను. ఇళ్ళన్నీ ఒక్కలాగే ఉండేవి. మొదటి వారం కూరగాయలకు వెళ్ళి నా ఇల్లు నాకు దొరకలేదు. భయపడలేదు. నీళ్ళ ట్యాంకునూ, దాని వెనక కొండనూ ఒక గీతలోకి తెచ్చుకుని ఇల్లు చేరాను.

పోయిన చలికాలం నా మనవరాలు, తన స్నేహితులు నలుగురితో భీమిలి దగ్గర పావురాళ్ళకొండ ఎక్కుతానంటే మోకాళ్ళ నొప్పులతోనే నేనూ బయల్దేరాను. అక్కతో కలిసి రెండు సార్లు ఎక్కిన కొండ అది. ఈ సారి నిజంగానే రెండు సార్లు. పిల్ల ఫోను పట్టుకుని, నాకంతా తెలుసు అంటూ ముందు నడిచింది. బాట చీలిన చోట తప్పు బాట పట్టింది. నేను ఆగి, చేతికర్రతో రెండో బాట మీద తట్టాను. పిల్ల చూడలేదు. ఊరుకుని వెనకే నడిచాను. అరగంట తర్వాత ముళ్ళలో ఇరుక్కుని, స్నేహితులు గుసగుసలాడుకుంటుంటే, ఫోనుదే తప్పంటూ గొంతు వణికిస్తున్న పిల్లను చూసి నేను ఒక రాయి మీద చతికిలబడ్డాను. నాకూ తెలీదే తల్లీ, ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది, పద, సముద్రం ఎటుందో చూద్దాం అన్నాను. దాని భుజాలు ఒక్కసారిగా దిగాయి. నాకు తెలీదు అమ్మమ్మా అని నవ్వేసింది.

ఆ నవ్వు చూస్తూ కూర్చున్నప్పుడు, ఇన్నేళ్ళకు మొదటిసారి, నా చేతిలోని కర్ర వైపు చూసుకున్నాను. ఆ రోజు బాట చీలిన చోట కుడి బాటను రెండు సార్లు తట్టిన కర్ర గుర్తొచ్చింది. సరిగ్గా తొట్టిలోకి దిగిన కర్ర గుర్తొచ్చింది. మా తాతయ్యకు నిజంగా తెలియదా?

అడగడానికి ఆయన లేడు. నాకైతే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కళ్ళు తుడుచుకుని, మనవరాలి భుజం పట్టుకుని లేచి, "ఏటగుపడతంది?" అని అడిగాను.